విరుపు, మర్దన, కట్టు: ఎంతవరకు నమ్మొచ్చు?

విశాఖపట్నం దగ్గరి మన కొత్తవలసలో ఒక మనిషికి నడుం పట్టేసిందనుకోండి. ముందు ఇంట్లోనే ఉప్పు మూట కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం. తగ్గకపోతే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లెవరైనా వీధిలో ఉన్నారేమో వాకబు చేసి, బోర్లా పడుకుని వాళ్ల చేత నడుం మీద కాలితో తన్నించుకోవడం. ఆ తర్వాత మందుల షాపు మాత్రలు, ఆర్‌ఎంపీ ఇంజెక్షను. అప్పటికీ లొంగకపోతే రైలో బస్సో ఎక్కి విశాఖపట్నం వెళ్లి ఎముకల డాక్టరు, ఎమ్మారై, ఫిజియోథెరపీ. ఈ వరసలోకి ఇప్పుడు ఫోను కూడా చేరింది. బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం కింద పట్టీ తగిలించి ఒక్క లాగు లాగితే వెన్నంతా టపటపమనే వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. లేచిన మనిషి నవ్వుతాడు, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, దండం పెడతాడు. అది చూసినవాడికి తన నడుం కూడా అలా ఎవరైనా విరిస్తే బాగుణ్ననిపిస్తుంది.

అనిపించడంలో తప్పు లేదు. ఇక్కడి బతుకులే నడుం మీద ఆధారపడినవి. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే రైలు మార్గం మెయిన్ లైనులో కలిసేది కొత్తవలస జంక్షన్లోనే. చుట్టూ ఫెర్రో అల్లాయ్స్ కొలుములు, జూటు మిల్లులు. బస్తాలు మోసే కళాసీలు, వంగి ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి గోగునార తీసేవాళ్లు, బండి మీద రోజూ విశాఖ వెళ్లొచ్చే ఉద్యోగులు, అందరికీ నొప్పి ఉంది. ఒక్క మన దగ్గరే కాదు. 2020 నాటికి ప్రపంచంలో నడుం నొప్పితో ఉన్నవాళ్లు దాదాపు 61.9 కోట్ల మందని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే జబ్బుల్లో దానిదే మొదటి స్థానం.

ఈ వైద్యాల్లో దేనికెంత బలం ఉందో లెక్క కట్టిన పరిశోధన చాలానే ఉంది. దాన్ని ఒకసారి తిరగేద్దాం.

వీడియోల్లో కనిపించే విద్యకు కైరోప్రాక్టిక్ అని పేరు. 1895 సెప్టెంబరు 18న అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత వైద్యుడు, తన భవనంలో పనిచేసే హార్వే లిలార్డ్ వెన్నుపూసను నొక్కి సరిచేశాననీ, దాంతో అతనికి చెవుడు పోయిందనీ చెప్పుకున్నాడు. వినికిడి నరం పుర్రెలోనే మొదలై పుర్రెలోనే ముగుస్తుంది, వెన్నుపూసల దారి పట్టదు. అయినా పామర్ ఆగలేదు. పూసలు కాస్త పక్కకు జరిగి నరాల్ని నొక్కుతాయనీ, రోగాల్లో చాలా భాగానికి అదే మూలమనీ సిద్ధాంతం కట్టి 1897లో బడి పెట్టాడు. ఆ పక్కకు జరగడానికి ‘సబ్లక్సేషన్’ అని పేరు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే కౌన్సిలే 2010లో, అది చారిత్రక భావన మాత్రమేననీ, రోగాలకు అదే కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదనీ ప్రకటించింది. ఇంటివాళ్లే ఒప్పుకున్నాక బయటివాళ్లు వాదించడానికి ఏమీ మిగల్లేదు.

నిజానికి పామర్ కనిపెట్టినదాని వెనక పాత చేతులు చాలా ఉన్నాయి. ఇంగ్లండ్ పల్లెల్లో ఎముకలు సరిచేసే నాటువైద్యుల వంశాలుండేవి. 1867లో సర్ జేమ్స్ పాజెట్ అనే పేరున్న సర్జన్, డాక్టర్లు చేతులెత్తేసిన కేసుల్ని ఈ నాటువాళ్లు ఎలా నయం చేస్తున్నారో ఉపన్యాసమిచ్చి, వాళ్ల దగ్గర మంచి ఉంటే నేర్చుకోమన్నాడు. నాలుగేళ్ల తర్వాత వార్టన్ హుడ్ అనే డాక్టరు, రిచర్డ్ హటన్ అనే నాటువైద్యుడి దగ్గర నేర్చిన పద్ధతులతో పుస్తకమే వేశాడు. మనకీ అలాంటి వంశం ఉంది. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు దగ్గర ఈశ్వరాపురం రాజుల కుటుంబం. పంతొమ్మిదో శతాబ్దం చివర కేశవరాజుతో మొదలైందని చెప్పే పుత్తూరు కట్టుకి ఆంధ్ర నుంచే కాక తమిళనాడు నుంచి కూడా జనం వెళ్తారు. దాని గురించి కింద చెబుతాను.

అమెరికాలో డాక్టర్ల సంఘం కైరోప్రాక్టర్లను వెలివేస్తే, 1976లో కొందరు కోర్టుకెక్కారు. 1987లో జడ్జి సూసన్ గెట్జెన్‌డానర్ ఆ సంఘం చేసింది చట్టవిరుద్ధమైన బహిష్కరణ అని తీర్పిచ్చారు. దీన్ని ‘కోర్టు కైరోప్రాక్టిక్‌ను శాస్త్రమని ఒప్పుకుంది’ అని ప్రచారం చేస్తుంటారు. ఆ కేసు నడిచింది వ్యాపార పోటీ చట్టం కింద. వైద్యం పనిచేస్తుందా లేదా అనేది అక్కడ తేలలేదు. దీనికి అద్దంలాంటి ఇంకో కేసు బ్రిటన్‌లో నడిచింది. చంటిపిల్లల కడుపునొప్పి, ఉబ్బసం, చెవి ఇన్‌ఫెక్షన్లు కూడా వెన్ను విరుపుతో నయం చేస్తామన్న ప్రచారాన్ని 2008లో సైమన్ సింగ్ అనే సైన్సు రచయిత పత్రికలో ఎండగడితే, కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసింది. రెండేళ్లు లాగి, 2010లో తనే ఉపసంహరించుకుంది. మన ఊళ్లో ఎవరైనా వెన్ను విరిచి షుగరు, థైరాయిడు తగ్గిస్తామంటే ఈ కథ గుర్తు చేసుకోండి.

ఇక ఆ చప్పుడు. పూస ‘సెట్’ అయిన చప్పుడని అందరి నమ్మకం. కీలు మధ్య ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా సాగదీస్తే లోపలి ఒత్తిడి పడిపోయి వాయువు ఖాళీ ఏర్పడుతుంది, చప్పుడు అప్పుడొస్తుంది. 2015లో కెనడాలో గ్రెగ్ కావ్చక్ బృందం వేలి మెటికలు విరుస్తుండగా ఎమ్మారైలో చిత్రించి దీన్ని చూపించింది. పిల్లలకు దిష్టి తీసి మన అమ్మమ్మలు కణతల దగ్గర విరిచే మెటికల చప్పుడూ, వీడియోలో వినిపించే చప్పుడూ ఒకటే. ఏదీ ఎక్కడికీ జరగలేదు, మళ్లీ వచ్చి కూర్చోలేదు. మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న భయానికీ ఆధారం దొరకలేదు. డోనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు అరవై ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరుస్తూ వచ్చి, రెండు చేతులకూ తేడా ఏమీ లేదని తేల్చి, 2009లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కొట్టేశాడు.

అయితే విరుపు ఒట్టి బూటకమా అంటే, అదీ కాదు. ఇక్కడే పాఠకుడు ఓపిక పట్టాలి. కొత్తగా పట్టేసిన నడుం మీద 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్షలో, 15 పరీక్షల్లోని 1,711 మంది వివరాలు కలిపి చూస్తే, 0 నుంచి 100 దాకా కొలిచే నొప్పి గీత మీద ఆరు వారాల లోపల సుమారు 10 పాయింట్లు తగ్గుదల కనిపించింది. దీర్ఘకాలపు నడుం నొప్పి మీద 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన సమీక్ష 47 పరీక్షలను, 9,211 మందిని చూసింది. వ్యాయామం వంటి సిఫారసు చేసిన చికిత్సలతో విరుపు సమానంగా నిలిచింది, వాటిని మించలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, రోగికి విషయం వివరించడం, వ్యాయామం, మానసిక చికిత్సలతో పాటు వెన్ను విరుపుకీ మర్దనకీ చోటిచ్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ ఇంకాస్త బిగించి, వ్యాయామం తోడుంటేనే చేతి చికిత్స ఇవ్వమంది.

అంటే పది పాయింట్ల ఉపశమనం నిజమే. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, వంగలేని మనిషికి అదీ మేలే. కానీ వీడియోలో చూపించే పునర్జన్మ అందులో లేదు.

ఎదురుకాళ్లవాళ్లు తంతే నడుం నొప్పి ఎందుకు తగ్గుతుందో కూడా ఈ పరీక్షలే చెబుతాయి. కొత్త నడుం పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. వైద్యుడి దగ్గరకి వెళ్లేదేమో నొప్పి బాగా ముదిరిన రోజున. ఆ మర్నాడు ఏం చేసినా, చేయకపోయినా, కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ ఘనత తన్నినవాడికీ, ఇంజెక్షను వేసినవాడికీ, విరిచినవాడికీ దక్కుతుంది. పరీక్షల్లో సగం మందిని వేరుగా పెట్టి పోల్చేది ఈ భ్రమను తీసేయడానికే.

చదువుకున్నవాళ్లకి ఇంకో భ్రమ ఉంది. ఎమ్మారైలో ‘డిస్క్ ఉబ్బింది’ అని రాసి ఉంటే ఇక జీవితం అయిపోయిందనుకుంటారు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానులను కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు. ఎనభై ఏళ్లకి అరుగుదల 96 శాతం, ఉబ్బు 84 శాతం. తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. కాగితం మీది ఆ మాటకి భయపడి బస్తా ఎత్తడం, వంగడం, నడవడం అన్నీ మానేసినవాడికే నొప్పి వదలదు.

మర్దనకి వద్దాం. ‘నరం మీద నరం ఎక్కింది’ అని మన దగ్గర అంటారు. నరం మీద నరం ఎక్కడం అనేది శరీరంలో జరగదు. చేతికి తగిలే ఆ గట్టి ముడి, బిగుసుకున్న కండరం. వ్యాయామశాలల్లో, క్రీడాకారుల క్లినిక్కుల్లో దీనికి రకరకాల ఇంగ్లీషు పేర్లతో చికిత్సలొచ్చాయి. స్టీలు పనిముట్లతో గీకడం, బొటనవేలితో లోతుగా నొక్కడం, ఫోమ్ రోలరు మీద దొర్లడం, కప్పులు అంటించి పీల్చడం, రంగుల టేపులు. కప్పుల మచ్చలు 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కనిపించి ప్రపంచానికంతా తెలిశాయి. టేపుల సంగతి చెప్పుకోనక్కర్లేదు, అవి చూడ్డానికి బాగుంటాయి.

ఈ పద్ధతులు చేసేవాళ్లు తాము కండరాల పొరల్ని కరిగిస్తున్నామని, అతుకుల్ని విడదీస్తున్నామని చెబుతారు. 2008లో చౌధరీ అనే పరిశోధకుడి బృందం లెక్క వేసి చూస్తే, తొడ బయటిపక్క పొరనూ అరికాలి పొరనూ ఒక్క శాతం అణచడానికి కూడా మనిషి చేతి బలం చాలదని తేలింది. మరి హాయి ఎక్కడిది? నాడీమండలం నుంచి. 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, తాకిడి నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డం పడతాయి. దెబ్బ తగిలిన చోట చెయ్యి రుద్దుకోవడం ఎవరూ నేర్పకుండానే అందరం చేస్తాం. మర్దన మీద కోక్రేన్ అనే పరిశోధకుల సంస్థ 2015లో వేసిన సమీక్ష 25 పరీక్షలు, 3,096 మందిని చూసి, కొద్దికాలం ఉపశమనం ఉంటుందని, ఆ ఆధారం కూడా బలహీనమని చెప్పింది. నువ్వుల నూనె వేసి ఇంట్లోవాళ్లు నడుం పట్టినా దాదాపు ఆ పనే జరుగుతుంది. ఖర్చు లేదు.

ఒక సందర్భంలో మాత్రం నూనె మర్దన చెడ్డది. కాలు మడతపడి చీలమండ వాచిన మొదటి రెండు మూడు రోజుల్లో లాగడం, పిసకడం. లోపల తెగిన చిన్న రక్తనాళాలు ఇంకా మూసుకోలేదు, పిసికితే వాపు పెరుగుతుంది. ఐసు, విశ్రాంతి అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ కూడా 2014లో తన మాట మార్చుకున్నాడు. ఎక్కువ ఐసు, ఎక్కువ విశ్రాంతి మానుదలను ఆలస్యం చేయొచ్చన్నాడు. ఇప్పటి సలహా మధ్యేమార్గం. రెండు రోజులు కాపాడుకోవాలి, తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర కదపడం మొదలుపెట్టాలి.

పుత్తూరు కట్టు సంగతి. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. పక్కకు జరగకుండా విరిగిన ఎముక కొన్ని వారాలు కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. ఆ పని సిమెంటు కట్టూ చేస్తుంది, వెదురు బద్దా చేస్తుంది. కాబట్టి ఆ కట్టుకి వచ్చిన పేరులో అబద్ధం లేదు. ఆ పేరు పెట్టుకుని రాష్ట్రమంతా వెలిసిన బోర్డులన్నిటిలో ఆ అనుభవం ఉందని మాత్రం నమ్మలేను. ఎక్స్‌రే చూడకుండా బిగించిన కట్టు కింద రక్తం ఆడక చెయ్యి నల్లబడి, చివరికి తీసేయాల్సి వచ్చిన పిల్లల గురించి ఎముకల డాక్టర్లు మళ్లీ మళ్లీ రాస్తున్నారు. కట్టు కట్టిన చెయ్యి వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే విపరీతంగా నొప్పెట్టినా గంట కూడా ఆగకూడదు. ఎవరు కట్టారన్నది అప్పుడు అనవసరం, ముందు కట్టు విప్పాలి.

ఇప్పుడు మెడ. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే అది ఇదే కావాలని నా కోరిక. క్షవరం అయ్యాక తల మర్దన చేసి మెడను రెండు వైపులా టక్కున తిప్పడం మన సెలూన్లలో మర్యాదగా సాగుతోంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాలుగు ధమనులు మెడలోంచే పోతాయి. వాటిలో రెండు మెడపూసల రంధ్రాల గుండా వెళ్తాయి. ఒక్కసారిగా మెలితిప్పితే ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరితే పక్షవాతమే. 2024లో తెలుగువాళ్లు బాగా ఉండే బళ్లారిలో సెలూన్లో మెడ తిప్పించుకున్న ముప్ఫై ఏళ్ల యువకుడికి అదే జరిగింది. 2017లో ఢిల్లీలో ఇంకో మనిషికి శ్వాసను నడిపే నరాలు దెబ్బతిని వెంటిలేటరు దాకా వెళ్లింది. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీపార్లరు బేసినుకి మెడ ఆనించి తల కడిగించుకుంటున్న యాభై ఏళ్ల మహిళకు, మెడ వెనక్కి వంగి ధమని నొక్కుకుపోవడం వల్ల స్ట్రోకు వచ్చింది. ఈ తరహా స్ట్రోకుల గురించి అమెరికన్ నరాల డాక్టరు వైన్‌ట్రాబ్ 1993లోనే రాశారు.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇలాంటి 818 స్ట్రోకులను పరిశీలించి 2008లో వేసిన అధ్యయనంలో, కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్లినవాళ్లలో ఎంత సంబంధం కనిపించిందో, మామూలు డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లలోనూ అంతే కనిపించింది. ధమని ముందే చిరిగి, ఆ నొప్పితోనే వాళ్లు వైద్యుడి గడప ఎక్కి ఉంటారన్నది దాని వివరణ. ప్రమాదం అరుదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వివరణే నిజమైతే, ముందే చిరిగిన ధమనిని పట్టుకుని మెలితిప్పడం కంటే ఘోరం ఏముంటుంది? నడుముకి వచ్చే లాభం పది పాయింట్లు. మెడ విషయంలో అదే లాభం వ్యాయామంతో వస్తుంటే ఈ జూదం ఎందుకు?

అసలు మానుదల ఎక్కడి నుంచి వస్తుందో మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండి, గుండెల మీంచి ఏనుగును నడిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు ఇక్కడివాడే. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. వెన్ను ఎంత బరువు మోయగలదో వీళ్లు చూపించారు. కొద్దికొద్దిగా పెంచుతూ పోతే కండ, స్నాయువు, ఎముక మూడూ ఆ బరువుకి తగ్గట్టు గట్టిపడతాయి. గాయం తర్వాతా సూత్రం అదే. స్వీడన్ సర్జన్ హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో, మడమ వెనక స్నాయువు నొప్పితో పరుగు మానేసినవాళ్ల చేత మడమలు కిందికి దించే వ్యాయామం రోజుకు 180 సార్లు, 12 వారాలు చేయించి మళ్లీ పరుగెత్తించాడు. విరుపూ మర్దనా ఇచ్చే ఉపశమనం ఈ కష్టం మొదలుపెట్టడానికి దొరికే వ్యవధి. ఆ వ్యవధిలో మంచం మీదే ఉండిపోతే ఇచ్చిన డబ్బు దండగ.

రోగి చేత కష్టం చేయించారా లేదా అన్న ఈ కొలత మన ఫిజియోథెరపీ సెంటర్లకీ వర్తిస్తుంది. పదిరోజులు వెళ్లి ‘కరెంటు పెట్టించుకుని’ రావడమే ఫిజియోథెరపీ అని జనం అనుకోవడానికి కొన్ని సెంటర్లే కారణం. నడుం నొప్పికి ఆ కరెంటు యంత్రాలూ అల్ట్రాసౌండూ వద్దని నైస్ చెప్పింది. బెల్టులూ, బరువు కట్టి లాగే ట్రాక్షనూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మంచి ఫిజియోథెరపిస్టు యంత్రం మీట నొక్కి పక్కగదికి పోడు. మీరు చేసే పని ఏమిటో అడుగుతాడు, మీ చేత వంగించి, నడిపించి చూస్తాడు, ఇంట్లో చేయాల్సినవి నేర్పుతాడు.

ఎవరి బల్ల ఎక్కినా ముందు ఆ మనిషి ఈ ప్రశ్నలు అడగాలి. ఒంటేలు మీద పట్టు తప్పిందా, తొడల మధ్య తిమ్మిరెక్కిందా, కాలు ఈడుస్తోందా, జ్వరమూ బరువు తగ్గడమూ ఉన్నాయా, ఇంట్లో క్షయ ఉందా, ఎప్పుడైనా కాన్సర్ వచ్చిందా, వయసు మీద పడ్డాక జారి పడ్డారా. మన దేశంలో వెన్నుకి క్షయ సోకడం ఇప్పటికీ ఉంది. క్షయ తిన్న పూస మీద బలంగా తోస్తే కాళ్లు చచ్చుబడతాయి. ఈ ప్రశ్నలేవీ అడక్కుండా చెయ్యి వేసేవాడు ఎంత ఫాలోయింగ్ ఉన్నవాడైనా లేచి వచ్చేయండి. మన దేశంలో కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన కౌన్సిలు లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఫిజియోథెరపీ అయితే 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకి వచ్చింది, దానికి విశ్వవిద్యాలయ డిగ్రీ ఉంది.

చివరగా ఒక విన్నపం. 2023 అక్టోబరు 29 రాత్రి మన పక్కనే కంటకాపల్లి, అలమండ మధ్య రెండు పాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. అలాంటి ఘోరాలు జరిగినప్పుడూ, రోజూ రోడ్ల మీద పడే ప్రమాదాల్లోనూ ఆపరేషను దాకా ఏదో ఒక దారి దొరుకుతుంది. కుట్లు విప్పాక మళ్లీ నడక నేర్పి, బరువు ఎత్తించి, పనిలోకి పంపే మనిషి ఊరికి దగ్గర్లో ఉండాలి. లేకపోతే కూలిపని చేసుకునేవాడు ఒక రోజు కూలి వదులుకుని ఆ వైద్యం కోసం విశాఖ దాకా వెళ్లడు, వీధి చివర విరిచేవాడి దగ్గరికే వెళ్తాడు. కొత్తవలస లాంటి ప్రతి మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో డిగ్రీ ఉన్న ఫిజియోథెరపిస్టు వారమంతా ఉండాలని అడుగుదాం. గ్రామసభలో అడుగుదాం, ఓటు అడగడానికి వచ్చినవాళ్లనీ అడుగుదాం.